సీసాలు తర్వాత, ముందు మురుగు కాలువ

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా కాకుమాను మండలం. కొమ్మమూరు కాలువ కింద శివారు భూమి, మూడెకరాల నల్లరేగడి. సార్వాకు సాంబ మసూరి వేస్తాం, కోతకు ముందు మినుము చల్లుతాం. కాలువ నీళ్లు చివరిదాకా సరిగా రావడం లేదని కొన్నేళ్ల కిందట బోరు వేయించాం. ఇప్పుడు పల్లంగా ఉన్న ఎకరంన్నరలో చౌడు తేలింది. మినుము మొలిచినట్టే మొలిచి మాడిపోతోంది. మట్టి పరీక్షలో పీహెచ్ 8.9, ఈసీ (కరిగి ఉన్న ఉప్పును తెలిపే అంకె) 1.1, సేంద్రియ కర్బనం 0.38 శాతం అని వచ్చింది. ఈసీ 4 దాటితేనే చౌడు అని చదివాను. మరి మాది చౌడు కానట్టేనా? నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వీడియోలు చూసి పోయిన ఏడాది జీవన ఎరువుల సీసాలు తెప్పించాను, రెండు ట్రక్కుల కోళ్ల ఎరువు తోలించాను. మార్పు లేదు. నాన్న మాత్రం ‘ఈ నేలలో జీవం పోయిందిరా, ఎన్ని పోసినా అంతే’ అంటున్నారు. సూక్ష్మజీవులు నిజంగా చచ్చిపోతే మళ్లీ బతికించడానికి ఏం వేయాలి? – పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: జీవం పోలేదు. ఆ మాట నాన్నగారితో ధైర్యంగా చెప్పండి. మీకు దగ్గర్లోనే నిజాంపట్నం మడ అడవుల బురద ఏడాది పొడుగునా సముద్రపు ఉప్పులో నానుతుంటుంది. అందులో కూడా సూక్ష్మజీవులు కిటకిటలాడుతుంటాయి. మీ పొలం అంత ఉప్పు మీద లేదు. పల్లపు ఎకరంన్నరలోనైనా గ్రాము మట్టి తీస్తే కోట్ల సంఖ్యలోనే ఉంటాయి. కాకపోతే వాటికి పని చేసే ఓపిక లేదు. ఎందుకు లేదో తెలిస్తే ఏం వేయాలో, ఏది దండగో మీకే అర్థమవుతుంది.

ముందు మీ రిపోర్టు సంగతి. మీరు చదివిన ‘4’ అనే అంకె తప్పు కాదు, కానీ అది మీ కాగితానికి వర్తించదు. నేలను తడిపి ముద్దగా చేసి, ఆ ముద్దలోంచి పిండిన నీటిలో కొలిచే ఈసీకి ఆ గీత పెట్టారు. మన మట్టి పరీక్ష కేంద్రాల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు. నీళ్లెక్కువ కాబట్టి అంకె తగ్గి కనిపిస్తుంది. ముద్ద లెక్కలోకి మార్చాలంటే నేల రకాన్ని బట్టి రెండు మూడు రెట్లు చేసుకోవాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వరి ఆ లెక్కన 3 దాటగానే దిగుబడి తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. మినుము అంతకంటే సుకుమారం. అంటే మీరు ప్రమాదం అంచునే ఉన్నారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈసీ కాదు, ఆ పీహెచ్. 8.5 దాటిందంటే సోడియం మట్టిని పట్టేసిందని అనుమానించాలి. పాల చౌడు వేరు, కారు చౌడు వేరు. పాల చౌడులో ఉప్పు నీటిలో కరిగి ఉంటుంది, మంచి నీళ్లు పెట్టి తీసేస్తే పోతుంది. కారు చౌడులో సోడియం బంకమట్టి రేణువులకే అతుక్కుని కూర్చుంటుంది, ఉత్త నీళ్లతో కదలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్కల్లో చౌడు భూమి సుమారు 2.7 లక్షల హెక్టార్లు. అందులో పెద్ద వాటా కారు చౌడుదే. అయినా తెల్లగా కనపడిందల్లా పాల చౌడే అనుకుని నీళ్లు పెట్టేవాళ్లే మన దగ్గర ఎక్కువ.

మీ పొలం ఏ రకమో ల్యాబ్ చెప్పేలోగా ఇంట్లోనే ఒకటి చూడండి. పల్లపు పొలం నుంచి ఉసిరికాయంత ఎండుగడ్డ ఒకటి, మెరక పొలం నుంచి ఇంకొకటి తీసుకోండి. రెండు గాజు గ్లాసుల్లో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ పోసి, గడ్డల్ని మెల్లగా జారవిడవండి. కలపొద్దు, కదపొద్దు. రెండు మూడు గంటల తర్వాత చూడండి. గడ్డ విడిపోయినా చుట్టూ నీరు తేటగా ఉంటే సోడియం బెడద తక్కువ. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు కమ్మి, మర్నాటికి కూడా తేరుకోకపోతే సోడియం ఉన్నట్టే. ఇందులో ఒక మెలిక ఉంది. ఉప్పు బాగా ఎక్కువగా ఉన్న మట్టి సోడియం ఉన్నా తేటగానే కనిపించి మోసం చేస్తుంది. అలాంటి పొలంలో మొదటి పెద్ద వానకు ఉప్పు కిందికి దిగుతుంది, సోడియం మిగులుతుంది, నేల పైన ముద్దకట్టి చుక్క ఇంకకుండా బిగుసుకుపోతుంది. ‘వాన పడ్డాక ఇంకా చెడింది’ అని రైతులు అంటుంటారే, అది ఇదే.

ఇక సూక్ష్మజీవుల దగ్గరికి వద్దాం. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట ఊరుతుంది కదా. ముక్కలో నీరు ఉప్పు ఉన్న వైపుకు లాక్కుపోబడింది. మట్టిలో బ్యాక్టీరియాకూ శిలీంధ్రానికీ జరిగేది అదే. చుట్టూ నీరుంటుంది, లోపలికి రాదు, ఉన్నది బయటికి పోతుంది. కొన్ని చచ్చిపోతాయి. మిగిలినవి ఒంట్లో ప్రోలీన్, బీటైన్ లాంటి పదార్థాలు తయారుచేసి పోగేసుకుని, ఆ గాఢతతో నీటిని నిలుపుకుంటాయి. ఈ పనికి బోలెడు శక్తి కావాలి. తిన్న కర్బనంలో ఎక్కువ భాగం బతికుండడానికే ఖర్చయి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, పెరగడానికీ పిల్లలు పెట్టడానికీ మిగిలేది తక్కువ. అందుకే చౌడు మట్టిలో సూక్ష్మజీవుల మొత్తం బరువు తగ్గినా, ఉన్న బరువుకు అవి వదిలే గాలి మాత్రం పెరుగుతుంది. పరిశోధకులు దాన్నే ఒత్తిడికి గుర్తుగా తీసుకుంటారు. టెన్షన్‌లో ఉన్న మనిషి ఊరికే అలసిపోడూ!

ఉప్పుకు అందరికంటే ముందు దెబ్బతినేవాళ్లలో అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి. అవి మందగించాక మీరు వేసిన యూరియా అమోనియా దగ్గరే ఆగిపోతుంది. పీహెచ్ 8.9 ఉన్న మడిలో ఆ అమోనియా గాలిలోకి లేచిపోతుంది. డబ్బులు పెట్టి కొన్న నత్రజని ఆకాశానికి పోతోందన్న మాట. మినుము వేళ్ల మీద బుడిపెలు కట్టించే రైజోబియం విషయం ఇంకోలా ఉంటుంది. ఆ బ్యాక్టీరియా విడిగా కాస్త ఉప్పును తట్టుకుంటుంది, కానీ వేరుతో కలిసి బుడిపె కట్టే ఘట్టం దానికంటే ముందే చెడిపోతుంది. ఈసారి మినుము మొక్కను మట్టితో సహా పెకలించి, నీళ్లలో కడిగి చూడండి. ఒక బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటే అది పని చేస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే ఉత్త బుడిపె.

సోడియం చేసే నష్టం ఇంకా లోతైనది. మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేస్తాయి, సందులు మూసుకుపోతాయి, గాలి ఆడదు. పైగా అంత క్షారంలో ఉన్న కాస్త సేంద్రియ పదార్థం కూడా కరిగి నీటితో పైకి తేలి నల్లటి పొరగా ఆరుతుంది. నల్ల చౌడు అని పేరు రావడానికి ఆ పొరే కారణం. ఉప్పు దాహం పెడుతుంది, సోడియం ఊపిరి ఆపుతుంది, కర్బనం 0.38 అంటే తిండి కూడా లేదు. 0.5 కంటే తక్కువ ఉంటేనే మన లెక్కల్లో ‘తక్కువ’ కిందకి వస్తుంది. పైరు సరిగా ఎదగకపోతే నేలలో మిగిలే వేర్లూ మోళ్లూ తగ్గుతాయి, వచ్చే ఏడాది తిండి ఇంకా తగ్గుతుంది. మీ పొలం ఇప్పుడు ఈ సుడిలో ఉంది.

ఇక్కడే సేంద్రియ ఎరువు పనికొస్తుంది, అయితే మీరనుకున్న కారణానికి కాదు. సేంద్రియ ఎరువు ఉప్పును తినేయదు, మాయం చేయదు. తిండి అందితే సూక్ష్మజీవులు అదే ఉప్పులో కూడా తట్టుకుని నిలబడతాయి, ఒంట్లో ఆ రక్షణ పదార్థాలు చేసుకునే స్తోమత వస్తుంది. చౌడు మట్టికి గడ్డీగాదం కలిపి చూసిన పరిశోధనల్లో శ్వాస పెరగడం రోజుల్లోనే కనపడుతుంది. దానికి మించిన లాభం ఇంకొకటి ఉంది. మన నల్లరేగళ్లలో చాలా చోట్ల సున్నపు గులకలు ఉంటాయి. మీ దుక్కిలో తెల్లటి చిన్న గులకలు తగిలే ఉంటాయి. వాటిలో కాల్షియం ఉంటుంది, కానీ అంత క్షారంలో కరగదు. పచ్చిరొట్ట (పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పైరు) కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిసి మెత్తటి ఆమ్లంగా మారి ఆ సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. బయటికొచ్చిన కాల్షియం మట్టి మీది సోడియాన్ని నెట్టేసి తాను కూర్చుంటుంది. మీ నేలను బాగుచేసేది చాలా వరకు ఆ ఊపిరే. జిప్సం (కాల్షియం సల్ఫేట్) కూడా చేసేది అదే కాల్షియం పని, కాస్త వేగంగా. అందుకే రెండూ కలిపి వేస్తే విడివిడిగా వేసినదానికంటే ఫలితం బాగుంటుంది.

మరి మీ కోళ్ల ఎరువు ఎందుకు పని చేయలేదంటారా? నిలవ వేయని కోళ్ల ఎరువులో దాని ఉప్పు దానికే ఉంటుంది. చౌడు మీద ఉప్పు తోలించినట్టయింది. అమోనియా ఎలాగూ గాలికి పోయింది. కొని వేసే ఏ కంపోస్టయినా అంతే, మూటకట్టిన వర్మీకంపోస్టు కూడా. వేసేముందు దాని ఈసీ అడగండి, చెప్పకపోతే కొద్దిగా తీసుకెళ్లి మట్టితో పాటే పరీక్షకు ఇవ్వండి. కట్టెల బూడిద వద్దు, అది పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది. జిప్సం బదులు సున్నం చల్లేవాళ్లను కూడా చూస్తుంటాను. సున్నం పుల్లటి నేలలకు, మీ నేలకు కాదు.

సీసాల సంగతి. అందులో ఉన్న బ్యాక్టీరియా మంచిదే కావచ్చు. తిండీ గాలీ లేని చోటికి, ఉప్పులోకి వాటిని దించారు. అక్కడ తరతరాలుగా ఉప్పుకు అలవాటుపడిన స్థానిక సూక్ష్మజీవులే కూలబడి ఉంటే, కొత్తవి వచ్చి ఏం చేస్తాయి? జీవామృతం మీద నాకు వ్యతిరేకత లేదు, కానీ లెక్క చూడండి. ఎకరానికి 200 లీటర్లలో పోసేది 10 కిలోల పేడ, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, కాస్త మూత్రం. ఎకరం నేలకు అది తాంబూలం, భోజనం కాదు. భోజనం ట్రక్కుల లెక్కలో ఉండాలి.

ఇప్పుడు పని వరుస. వరుస తప్పితే డబ్బంతా మడిలోనే పోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి ఉన్నప్పుడు మట్టి తీయించండి. పల్లం వేరుగా, మెరక వేరుగా. ప్రతిదాంట్లో పై 15 సెంటీమీటర్లు ఒకటి, ఆ కింది 15 ఒకటి. పై పొరలో ఉప్పు ఎక్కువుంటే కింది నీరు పైకి పాకి వదిలి వెళ్తోందని, కింది పొరలో ఎక్కువుంటే పైన పెట్టిన నీళ్లతో ఉప్పు కిందికి దిగుతోందని అనుమానించొచ్చు. ఈసారి పీహెచ్, ఈసీలతో సరిపెట్టకుండా మార్పిడి సోడియం శాతం (మట్టి రేణువులకు అతుక్కున్న వాటిలో సోడియం వాటా), జిప్సం అవసరం కూడా చూడమని అడగండి. ఆ శాతం 15 దాటితే కారు చౌడు. బాపట్లలో చౌడు నేలలు, ఉప్పునీటి వాడకం మీదే పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది, మీకు కూతవేటు దూరం. ఇటు గుంటూరు వైపు వస్తే లాం ఫారంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడిగినా దారి చెబుతారు.

బోరు నీళ్లు కూడా ఒక సీసా పట్టి పంపండి. నా అనుమానమంతా దాని మీదే. ఆ నీళ్లలో కార్బొనేట్, బైకార్బొనేట్ కాల్షియం, మెగ్నీషియంలను మించి ఎంత ఉందో చెప్పే అంకెను ఆర్ఎస్సీ అంటారు. 1.25 లోపు పర్వాలేదు, 2.5 దాటితే ఆ నీళ్లు పెట్టిన ప్రతిసారీ మీరే పొలంలో సోడియం చల్లుతున్నట్టు. అలాంటి నీళ్లు పెడుతూ ఎన్ని ట్రక్కుల ఎరువు తోలినా దండగే.

మురుగు దారి చూడకుండా మిగతా ఏదీ మొదలుపెట్టొద్దు. పల్లపు మడి చుట్టూ మూరెడు లోతుకు తగ్గకుండా కాలువ తీసి డ్రెయిన్‌లో కలపండి. పక్క రైతు ఒప్పుకోడని వదిలేయొద్దు. వాళ్ల పొలం కూడా అదే బాట పడుతుంది, ఆ మాట చెప్పి ఒప్పించండి. జిప్సం వేస్తే సోడియం సల్ఫేటుగా మారి నీటిలోకి దిగుతుంది. ఆ నీరు బయటికి పోయే దారి లేకపోతే ఎండాకాలానికి మళ్లీ పైకి వస్తుంది.

జూన్‌లో తొలకరికి ముందు, ల్యాబ్ చెప్పిన మేరకు జిప్సం చల్లి పైపైనే, నాలుగంగుళాలకు మించకుండా కలియదున్నించండి. లోతుగా దున్నితే పలచబడిపోతుంది. గట్లు పటిష్ఠం చేసి వాన నీళ్లు, కాలువ నీళ్లు నిలబెట్టి, కొన్నాళ్లు ఇంకనిచ్చి, మురుగు కాలువలోకి వదిలేయండి, మళ్లీ పెట్టండి. ఈ పనికి బోరు నీళ్లు వాడొద్దు. అడుగు లోతు మట్టి కడగాలంటే ఇంచుమించు అడుగు నీరు దాని గుండా కిందికి దిగాలి. అప్పుడు ఉప్పులో ముప్పాతిక వంతు దాకా పోతుంది. నల్లరేగడిలో నీరు ఇంకడం నిదానం, తొందరపడితే కాదు.

ఆ తర్వాత పచ్చిరొట్టకు జీలుగ వేయండి. జనుము, పిల్లిపెసర మంచివే గానీ చౌడునూ నీటి నిలవనూ జీలుగ తట్టుకున్నట్టు అవి తట్టుకోలేవు. మామూలుగా ఎకరానికి 10, 12 కిలోల గింజలు చాలు, మీ పల్లంలో మొలక తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ చల్లండి. 45 రోజులు దాటి పూత మొదలయ్యేలోగా కలియదున్నాలి. కాడ ముదిరితే కుళ్లదు. కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో మీకే తెలుసు కాబట్టి, నాట్లు ఆలస్యమవుతాయని భయముంటే మొదటి ఏడాది జీలుగను పల్లపు ఎకరంన్నరకే పరిమితం చేయండి. దాంతో పాటు ఎకరానికి నాలుగైదు టన్నుల బాగా మాగిన దిబ్బ ఎరువు వేస్తే ఇంకా మంచిది. దొరక్కపోతే దాని కోసం ఆగొద్దు.

పచ్చిరొట్ట కలిపిన మర్నాడే నాట్లు వేయొద్దు. కనీసం వారం, పది రోజులు మగ్గనివ్వండి. నీటి కింద గాలి లేని చోట, సల్ఫేట్ ఉన్న ఉప్పు నేలలో, ఒక రకం బ్యాక్టీరియా ఆ తిండిని తిని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. మడిలో దిగి నడిస్తే బుడగలు లేచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. వరి మొక్క పీకితే వేర్లు తెల్లగా కాకుండా నల్లగా ఉంటాయి. అప్పుడు మందులేవీ కొట్టకండి. నీళ్లు తీసేసి నేల సన్నగా నెర్రె ఇచ్చేదాకా ఆరబెట్టి మళ్లీ పెట్టండి. సూక్ష్మజీవుల చురుకుదనం ఎక్కువైతే అంతా మంచే అనుకునేవాళ్లకు ఈ వాసన చాలు.

పల్లంలో ఈ రెండు మూడేళ్లు సాంబ మసూరి మానేయండి. అది బాపట్లలో పుట్టిన రకమే అయినా చౌడుకు నిలబడేది కాదు. మచిలీపట్నం పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంసీఎం 100, ఎంసీఎం 103 లాంటి చౌడు తట్టుకునే రకాలు ఉన్నాయి. కాస్త ముదురు నారు, కుదురుకు రెండు మొక్కలు ఎక్కువ పెట్టి నాటండి. ఇంత పీహెచ్‌లో జింకు అందదు కాబట్టి ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేట్ వేయండి. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయొద్దు. యూరియా ఒకేసారి నీళ్ల మీద చల్లకుండా విడతలుగా, నీళ్లు తీసి బురద పదును మీద వేసి మళ్లీ నీరు కట్టండి.

మినుము తీశాక ఫిబ్రవరి, మార్చి నుంచి జూన్ దాకా నేల బోడిగా ఎండుతుంది చూశారూ, చౌడు తేలేది అప్పుడే. మట్టిలో తేమ సగానికి తగ్గితే ఆ మిగిలిన నీటిలో ఉప్పు గాఢత రెట్టింపు అవుతుంది. కింది నీరు పైకి పాకి ఉప్పును పై అంగుళంలో వదిలి ఆవిరైపోతుంది. సూక్ష్మజీవులు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది కూడా ఆ పై పొరలోనే. అందుకని వరిగడ్డి మొత్తం తీసేయకండి, తగలబెట్టడం అసలు వద్దు. కొంత గడ్డినైనా పల్లంలో పలుచగా పరిచి ఉంచండి. జూన్‌లో అదే దుక్కిలో కలుస్తుంది. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ, కాబట్టి దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో నత్రజనిని కొన్నాళ్లు తామే లాక్కుంటాయి. జీలుగతో కలిపి దున్నితే ఆ లోటు భర్తీ అవుతుంది. విడిగా దున్నితే కాస్త యూరియా చల్లండి.

నేలలో చురుకుదనం కొలవడానికి ఖరీదైన పరీక్షలు ఉన్నాయి. మీకు అవి అక్కర్లేదు. నాన్నగారి పాత నూలు బనీను ఒకటి ఒకే సైజు ముక్కలుగా కత్తిరించి, మెరకలో రెండు, పల్లంలో రెండు, జానెడు లోతున పూడ్చి పుల్లలు గుచ్చి గుర్తు పెట్టండి. పాలియెస్టర్ కలిసినవి వద్దు. దుక్కిలో తేమ ఉన్న రోజుల్లో రెండు నెలలు ఉంచి తీసి చూడండి. మెరకలోవి పోగులు పోగులుగా విడిపోయి, పల్లంలోవి మట్టి దులిపితే మళ్లీ తొడుక్కునేలా ఉంటే, మీ పల్లంలో పని ఎంత నిదానంగా ఉందో నాన్నగారికి చేత్తో పట్టుకుని చూపించొచ్చు. ఏటా అదే నెలలో, అదే చోట చేయండి. శ్వాస పెరగడానికి రోజులు చాలు గానీ, మట్టి విచ్చుకుని నీరు ఇంకడానికి రెండు మూడు పంటలు పడుతుంది. మొదటి ఏడాది మినుము పల్లంలో వేయకపోయినా నష్టం లేదు.

మిగిలిన సీసాల గడువు తేదీ చూడండి. రైజోబియం ఏదైనా గడువులో ఉంటే మెరక పొలం మినుము విత్తనానికి పట్టించండి, అక్కడ దానికి పని దొరుకుతుంది. ఇకపై కొత్తవి మాత్రం కొనకండి. బోరు నీళ్ల రిపోర్టు వచ్చాక ఆర్ఎస్సీ, ఈసీ ఎంతో, డ్రెయిన్ మీ పొలం కంటే ఎంత పల్లంలో ఉందో రాయండి. బోరు ఉంచాలా, కాలువ నీళ్లతో కలిపి వాడాలా, మానేయాలా అనేది ఆ అంకెల్ని చూసే చెప్పగలను.